మోపు దించిన గైరమ్మ

అనగనగా ఒక కొండ. కొండకింద ఒక ఊరు. ఊరి మొదట్లో ఒక మేడ, ఊరి చివర్లో ఒక పాక. కథకి కావలసిన సామానంతా వచ్చేసింది, ఇంక మీరు ఊ కొట్టడమే తరువాయి. గట్టిగా కొట్టాలి సుమా. ఊ కొట్టనివాళ్ళు మధ్యలో నిద్రపోయి, తెల్లారి లేచి "చివరికేమైంది?" అని నా ప్రాణం తోడేస్తారు.

మేడ అచ్చియ్యమ్మది. పాక గైరమ్మది.

అచ్చియ్యమ్మ ఊరి నాయుడి భార్య. గాదె నిండా గింజలు, కొట్టం నిండా పాడి, మెడ నిండా నగలు. గైరమ్మకి ముందూ వెనకా ఎవరూ లేరు. మొగుడు ఏనాడో పోయాడు, కడుపున కాయ కాయలేదు. ఆవిడ ఆస్తి ఒక కత్తి, ఒక చుట్టకుదురు, ఒక ఆనపబుర్ర. కత్తి పుల్లలు కొట్టడానికి, చుట్టకుదురు నెత్తిన పెట్టుకోడానికి, బుర్ర అంబలి పోసుకోడానికి.

రోజూ తెల్లారేసరికి గైరమ్మ కొండెక్కేది. ఎండుపుల్లలు ఏరి, మోపు కట్టి, పొద్దు నడినెత్తికొచ్చే వేళకి కిందికి దిగేది. ఇంటింటికీ పుల్లలిచ్చి చోళ్ళు తెచ్చుకునేది. ఆ చోళ్ళే మర్నాటి అంబలి.

మేడకి ఎదురుగా, దారి పక్కన ఒక రాయి ఉండేది. భుజమెత్తున రెండు నిలువురాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక బల్లరాయి. ఎవరు పాతారో ఎవరికీ తెలీదు. నెత్తిమీద బరువుతో వచ్చేవాళ్ళు దాని దగ్గర ఆగి, బరువుని ఆ బల్ల మీదికి జరిపేస్తారు. ఒకరి సాయం అక్కర్లేదు. మళ్ళీ ఎత్తుకోవాలన్నా అంతే, తల ఆనించి జరుపుకుంటే వచ్చేస్తుంది. ఒంటరిగా మోపు మోసే మనిషికి ఆ రాయి తోబుట్టువుతో సమానం.

గైరమ్మ అక్కడ మోపు దించేది. మెడ ఇటూ అటూ తిప్పేది. కళ్ళు మూసుకుని "అమ్మయ్య!" అనేది. అని నవ్వేది. పెద్ద నవ్వేం కాదు. చంటిపిల్ల కడుపునిండా పాలు తాగి నవ్వుతుందే, అలాంటిది.

తర్వాత బుర్రలో అంబలి గటగటా తాగి, ఉల్లిపాయ కరకరా నమిలి "అమ్మయ్య!" అనేది. నవ్వేది.

తర్వాత కొండగాలి వచ్చి చెమట పట్టిన వీపుకి తగిలేది. "అమ్మయ్య!" అనేది. మళ్ళీ నవ్వేది.

"ఇంతకన్నా ఏటి గావాలమ్మా!" అని తనలో తనే అనుకుని, మోపెత్తుకుని వెళ్ళిపోయేది.

ఇదంతా ఎదుటి అరుగు మీద కూర్చుని అచ్చియ్యమ్మ చూసేది. మొదట్లో ఊరికే చూసింది. తర్వాత్తర్వాత అదే పనిగా చూసింది. ఆ తర్వాత పొద్దు నడినెత్తికి వచ్చిందంటే చాలు, కంచంలో అన్నం వదిలేసి అరుగు మీదికి పరిగెత్తేది.

చూసి కుళ్ళుకునేది. మామూలుగానా? పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేంత.

'నాకు పట్టుపరుపు మీద పడుకున్నా అంత హాయి లేదు. పాలకోవా తిన్నా అంత రుచి లేదు. ఆ పుల్లలదానికి రోజుకి మూడుసార్లు ఎక్కణ్ణించి వస్తోంది?'

మొగుడితో చెప్పుకుంది. నాయుడు మీసం దువ్వుకుంటూ విన్నాడు.

"నవ్వుకుంటే నవ్వుకోనీవే. నీ సొమ్మేటి పోనాది?"

"నా సొమ్మే పోయినట్టుంది" అంది అచ్చియ్యమ్మ.

నాయుడికి అర్థం కాలేదు. పొలానికి వెళ్ళిపోయాడు. మగవాళ్ళకి అర్థం కానప్పుడు పొలం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఒకనాడు ఉండబట్టలేక అచ్చియ్యమ్మ అరుగు దిగి రాయి దగ్గరికి వెళ్ళింది.

"ఒలే గైరమ్మా, ఏటే నీకా నవ్వు? నీకాడ ఏటుంది?"

"నాకాడేటుంటాదమ్మగోరూ? మోపు దించాను గదా, అందుకనీసి."

"మోపు దించితే నవ్వొచ్చీస్తాదేటి?"

"మరి రాదేటమ్మా?" అని గైరమ్మ ఆశ్చర్యపోయింది.

అచ్చియ్యమ్మ నమ్మలేదు. ఉన్న మాట చెబితే నమ్మకపోవడమే అసూయకి మొదటి లక్షణం. 'దాస్తోంది, దొంగముండ. ఏదో ఉంది. చెప్పటం లేదు' అనుకుంది.

ఆలోచించింది. ఆ బుర్రలో ఏదో ఉందని తేల్చుకుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

మర్నాడు పనిమనిషి దాలమ్మని పంపి గైరమ్మని పిలిపించింది. "నీ అంబలి నాకియ్యి, నా భోజనం నువ్వు తిను" అంది. గైరమ్మ బుర్ర ఇచ్చేసింది. అచ్చియ్యమ్మ వెండిగిన్నెలో పోయించుకుని ఒక గుక్క తాగింది. పులుపు. మొహం చిట్లించి ఉమ్మేసింది. ఉల్లిపాయ కొరికింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నవ్వు మాత్రం రాలేదు.

ఇక్కడ గైరమ్మ అరిటాకు ముందు కూర్చుని గారె కొరికింది. పప్పులో నెయ్యి వేసుకుంది. పరవాన్నం జుర్రుకుంది. "అమ్మయ్య! ఇంతకన్నా ఏటి గావాలమ్మా!" అని నవ్వింది.

అచ్చియ్యమ్మకి గారె మింగుడు పడలేదు. తిన్నది గైరమ్మ, అయినా సరే. 'నా గారెలో కూడా దానికి దొరికింది! రోజూ తినే నాకు దొరకనిది, ఒక్క పూట తిన్నదానికి దొరికింది!'

దాలమ్మ ఆకు తీస్తూ అంది, "అది అలాంటి మనిషేనమ్మా. వానొచ్చినా నవ్వుతాది, వాన ఎలిసినా నవ్వుతాది."

"నిన్నడిగేనేటే? ఎంగిలాకు తియ్యి."

రెండోసారి ఆలోచించింది. బుర్రలో లేదు. అయితే ఆ రాయిలో ఉంది. ఏ సిద్ధుడో మంత్రం వేసి పాతి ఉంటాడు. దాన్ని ఆనుకున్నప్పుడే కదా నవ్వొచ్చేది!

నాయుడు ఊళ్ళో లేని రోజు చూసి, పాలేళ్ళని పిలిచి రాయి పెకలింపించింది. తెచ్చి తన పెరట్లో, పూలమొక్కల మధ్య పాతించింది. తలుపు వేసుకుని రాయి దగ్గర నిలబడింది. చెయ్యి వేసింది. భుజం ఆనించింది. చివరికి తల పెట్టి చూసింది. రాయి రాయిలాగే ఉంది. చల్లగా కూడా లేదు, ఎండకి కాగిపోయి ఉంది.

నుదుటికి అంటిన మట్టి తుడుచుకుంటూ అచ్చియ్యమ్మ అరుగు మీదికి వచ్చింది. ఒక్క సంతోషం మిగిలింది ఆవిడకి. 'నాకు రాకపోతే పోనీ. ఇవాళ దానికీ రాదు.'

చూశారా! తనకి కావాలి అనుకున్న చోట మొదలైంది, దానికి ఉండకూడదు అన్న చోటికి వచ్చింది. కొండ మీదనుంచి రాయి దొర్లినట్టే, అసూయ కూడా మధ్యలో ఆగదు.

గైరమ్మ వచ్చింది. రాయి లేదు. రాయి ఉన్నచోట గొయ్యి ఉంది. ఓ క్షణం నిలబడి చూసింది. మెడ తిప్పడానికి లేదు, నెత్తిన మోపు. ఎదురింటి వైపు తిరిగి కేకేసింది.

"ఓలమ్మా, ఎవులున్నారు? ఓ సెయ్యెయ్యండి!"

మేడ పక్కింటి కోడలు వచ్చి దింపింది. "రాయేదే గైరమ్మా?" "ఏమోనే, కాళ్ళొచ్చి ఎల్లిపోనాదేమో!" ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు విని ఇంకొకావిడ వచ్చింది. మర్నాడు ఇంకొకావిడ. ఎవరింట ఏం కూరో చెప్పుకున్నారు. ఎవరి దూడ పాలు మానేసిందో చెప్పుకున్నారు. గైరమ్మ మోపు దింపడం ఆ వీధికి ఒక వేడుకైపోయింది. దాలమ్మ కూడా చీపురు పక్కన పడేసి వెళ్ళిపోయేది. "అమ్మయ్య! ఇంతకన్నా ఏటి గావాలమ్మా!" అని గైరమ్మ అంటే, వీధి వీధంతా నవ్వేది.

ఒక్క అరుగు తప్ప.

అచ్చియ్యమ్మకి ఒళ్ళంతా కారం రాసినట్టైంది. ఒక్క మనిషి నవ్వితేనే చూడలేనిది, వీధంతా నవ్వితే చూస్తుందా? తనని ఆ నవ్వులోకి రమ్మని ఒక్కరు పిలవలేదు. మేడలో మనిషిని ఎవరు పిలుస్తారు? పిలిస్తే వెళ్ళేదా అంటే, అదీ లేదు.

మూడోసారి ఆలోచించలేదు. మూడోసారికి ఆలోచన అవసరం లేకుండా పోయింది.

"దాలమ్మా, ఈదిలో అందరికీ సెప్పు. ఆ మోపు మీద సెయ్యేసినోళ్ళు మళ్ళీ నా గడప తొక్కక్కర్నేదు."

ఊళ్ళో సగం మంది నాయుడి పొలంలో బతుకుతున్నారు. మిగతా సగం నాయుడి గాదె నుంచి గింజలు తెచ్చుకుంటున్నారు. ఎవరు కాదంటారు? తలుపులు మూసుకున్నారు.

ఎండలు ముదిరిన రోజులు. ఆ మధ్యాహ్నం గైరమ్మ కొండ దిగి వచ్చింది. మోపు పెద్దది. మనిషి చిన్నది, ముసలిది. గొయ్యి దగ్గర అలవాటుగా ఆగింది.

"ఓలమ్మా, ఓ సెయ్యెయ్యండి!"

తలుపులు తెరుచుకోలేదు. తలుపుల వెనక మనుషులు ఉన్నారు, ఊపిరి బిగపట్టుకుని. అరుగు మీద అచ్చియ్యమ్మ తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది.

గైరమ్మ చూసింది. "అమ్మగోరూ!" అంది.

అచ్చియ్యమ్మ విసురుకుంటోంది.

"అమ్మగోరూ!"

అచ్చియ్యమ్మ వాకిట్లో కాకిని చూస్తోంది.

"అమ్మగోరూ, పీక దిగిపోతంది తల్లీ. ఓ సెయ్యెయ్యండి."

అచ్చియ్యమ్మ లేవలేదు. లేవకపోవడానికి కోపం కాదు కారణం. చూడాలని. మోపు దించకపోతే ఆ మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని.

గైరమ్మ మొహం చెమటతో తడిసి ఉంది. కాసేపు నిలబడింది. తర్వాత, "సర్లెండమ్మా, ఇంకెంత దూరంలే" అంది. అని చిన్నగా నవ్వి, నడిచి వెళ్ళిపోయింది.

దించకుండా కూడా నవ్వింది! అచ్చియ్యమ్మ చేతిలో విసనకర్ర విరిగింది.

సాయంత్రం కాకముందే దాలమ్మ పరిగెత్తుకొచ్చింది. ఏడుస్తోంది. "అమ్మా, గైరమ్మ పడిపోనాది. పాక ఇంకో పది అంగల్లో ఉందనగా పడిపోనాది. ఇంక నేదమ్మా."

అచ్చియ్యమ్మ వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆవిడకే తెలీదు. దారిపక్క మట్టిగట్టు దగ్గర గైరమ్మని పడుకోబెట్టారు. ఊరంతా అక్కడే ఉంది. ఊరంతా ఏడుస్తోంది. గైరమ్మ మొహంలో మాత్రం బాధ లేదు, ఏదో చెప్పబోయి ఆగినట్టుంది. అచ్చియ్యమ్మకి ముందు వచ్చింది దుఃఖం కాదు, నిజం చెప్పాలి కదా. 'నేను పోతే ఇంతమంది ఏడుస్తారా? నా మొహం ఇలా ఉంటుందా?' అనే వచ్చింది. చచ్చినదాన్ని చూసి కూడా కుళ్ళుకుంది.

ఆ తర్వాత వచ్చింది దుఃఖం. ఆలస్యంగా వచ్చింది.

ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉంది. దిక్కులేని మనిషి పోతే ఇంటికో పుల్ల తేవాలి. అందరూ తెచ్చారు. ఊరందరికీ పుల్లలు మోసిన మనిషికి ఊరంతా పుల్లలు మోసింది. పాడె కట్టారు, ఎత్తారు, బయల్దేరారు. ఆడవాళ్ళు కూడా వెనకాల నడిచారు. అక్కడ ఆడవాళ్ళు దింపుడు కళ్ళం దాకా వస్తారు, అక్కణ్ణించి వెనక్కి తిరుగుతారు.

అందరూ వెళ్ళిపోయాక చూస్తే, గట్టు మీద గైరమ్మ మోపు అలాగే ఉంది. పడినప్పుడు నెత్తి మీంచి గట్టు మీదికి దొర్లింది. ఎవరూ ముట్టుకోలేదు. అచ్చియ్యమ్మ మాట ఇంకా దాని మీద ఉంది కదా.

అచ్చియ్యమ్మ ఒక్కతే మోపు ముందు నిలబడింది. మట్టిలో పడున్న చుట్టకుదురు తీసి దులిపింది. నెత్తిన పెట్టుకుంది. గట్టు కింద వంగి, మోపుని నెత్తి మీదికి జరుపుకుని లేచింది. సిగ్గుతో ఎత్తుకుందో, ఆ నవ్వు ఇందులోనే ఉందన్న ఆశతో ఎత్తుకుందో నేను చెప్పలేను. రెండూ ఉన్నాయనే మా పెద్దలు చెప్పారు.

పుట్టి బుద్ధెరిగి చెంబుడు నీళ్ళు మోసిన మనిషి కాదు. నాలుగడుగులకి మెడ వంగింది. ఇంకో నాలుగడుగులకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఇంకో నాలుగడుగులకి మోకాళ్ళు వణికాయి. పుల్లలు చెవి మీద గీరుకున్నాయి. చెమట కళ్ళల్లోకి కారింది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. 'రోజూనా? రోజూ ఇదేనా?' అనుకుంది. 'దీన్ని మోసుకొచ్చి నా ఎదుట నిలబడి పిలిచిందా?' అనుకుంది.

మోపు మోయడంలో సుఖముందని నేను అనడం లేదు. ఎవరైనా అంటే వాళ్ళ నెత్తిన ఒకటి పెట్టండి.

ఊరికీ వల్లకాటికీ మధ్య దింపుడు కళ్ళం. అక్కడ పాడె దించారు. దించి, చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని ఆశ. అయినవాళ్ళే పిలవాలి.

"ఎవులు పిలుస్తారు?" అన్నాడు పెద్ద మనిషి.

కొడుకు లేడు, కూతురు లేదు, అక్కచెల్లెళ్ళు లేరు. జనం తలలు దించుకున్నారు.

అప్పుడు వెనకనుంచి అచ్చియ్యమ్మ వచ్చింది. మెడలో నగలు, నెత్తిన మోపు. జనం రెండు పాయలుగా చీలిపోయారు. నోళ్ళు తెరిచారు. కానీ ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. ఆ మోపు మీద చెయ్యేస్తే గడప తొక్కనివ్వనంది ఆవిడే కదా!

అచ్చియ్యమ్మ నిలబడింది. నడవడం కంటే నిలబడటం కష్టంగా ఉంది. మెడలో ఏదో పటుక్కుమనేలా ఉంది. ఎవర్ని పిలవాలి? ఇంతమందిలో ఎవరి పేరూ నోటికి రాలేదు. ఈ బరువు తెలిసిన మనిషి ఒక్కతే. ఆవిడ పేరే వచ్చింది.

"గైరమ్మా!"

జనం ఉలిక్కిపడ్డారు.

"గైరమ్మా!" ఈసారి గొంతు పగిలింది.

"గైరమ్మా, పీక దిగిపోతందే! దించవే తల్లీ!"

మూడు పిలుపులు. దింపుడు కళ్ళంలో పిలవాల్సిన మూడు పిలుపులూ ఆవిడే పిలిచేసింది, పిలుస్తున్నానని తెలియకుండానే. పాడె పలకలేదు. అది పలికే పాడె కాదు.

దాలమ్మ పలికింది. "పని పోతే పోనాది" అని గట్టిగానే అనేసి, గుంపులోంచి ముందుకొచ్చి, రెండు చేతులూ వేసి మోపు దించేసింది.

అచ్చియ్యమ్మ మెడ పైకి లేచింది. లేచిందా, ఎగిరిందా అన్నట్టుంది. ఒళ్ళంతా దూదైపోయింది. కొండగాలి వచ్చి తడిసిన వీపుకి తగిలింది. తెలియకుండానే కళ్ళు మూసుకుంది. తెలియకుండానే నోట్లోంచి వచ్చింది.

"అమ్మయ్య!"

అని నవ్వింది. చంటిపిల్ల నవ్వు. గైరమ్మ నవ్వు. బుర్రలోనూ రాయిలోనూ వెతికి వెతికి దొరకనిది, ఇదిగో, ఇంత చిన్నది, ఇంత ఊరికే వచ్చింది. గైరమ్మ ఏదీ దాచలేదు. మొదటి రోజే చెప్పింది.

"ఇంతకన్నా ఏటి గావాలి" అనబోయింది. అనలేకపోయింది. కావలసిన మనిషి ఎదురుగా పాడె మీద ఉంది. "నీ నవ్వు నాకూ వచ్చిందే" అని చెప్పుకోడానికి ఆవిడ ఒక్కతే తగిన మనిషి. ఆవిడే లేదు.

అచ్చియ్యమ్మ నేలమీద కూలబడి, దాలమ్మ ఒళ్ళో తల పెట్టుకుని భోరుమని ఏడ్చింది. ఆ మోపే గైరమ్మ చితి మీద అన్నిటికన్నా పైన పెట్టారు.

మర్నాడు పెరట్లోంచి రాయి లేచింది. పాలేళ్ళతో పాటు అచ్చియ్యమ్మ కూడా చెయ్యి వేసింది. పాత గోతిలోనే, పాత ఎత్తులోనే పాతారు. దాలమ్మ పని పోలేదు. బతికినన్నాళ్ళూ అచ్చియ్యమ్మ పొద్దు నడినెత్తికొచ్చేసరికి అరుగు దిగి, రాయి పక్కన నీళ్ళకుండ పెట్టుకుని నిలబడేది. రాయి ఉంది కదా, ఆవిడెందుకంటారా? రాయికి చేతులుండవు, ఎదురొచ్చి నవ్వడం దానికి చేతకాదు.

ఇప్పుడు ఆ మేడ లేదు. గాదె, కొట్టం, నగలు, ఏవీ లేవు. రాయి ఉంది. గైరమ్మ రాయి అంటారు. ఆ దారిన కట్టెల మోపు తెచ్చేవాళ్ళూ, గడ్డిమోపు తెచ్చేవాళ్ళూ, బడిసంచీ వీపునేసుకున్న పిల్లలూ అక్కడ బరువు దించి "గైరమ్మా, దించుకున్నానే!" అంటారు. అని కాసేపు కళ్ళు మూసుకుంటారు. అలా అనకుండా పోతే ఆ పూట తిన్న అంబలి ఒంటబట్టదట.

ఎవరైనా బరువుతో అవస్థ పడుతుంటే చూస్తూ ఊరుకున్నారనుకోండి, "ఏటలా అచ్చియ్యమ్మలాగ అరుగు మీద కూకున్నావు? లెగు!" అని తిడతారు. దిక్కులేని మనిషి పోతే, ఆ ఊళ్ళో దిక్కులేదని అనరు. గైరమ్మ చుట్టం పోయిందంటారు. పుల్లల మోపు ఎవరు మోసుకొస్తే వాళ్ళే దింపుడు కళ్ళంలో పేరు పెట్టి పిలుస్తారు. మోపు దించాకే పిలవాలి. గొంతు అప్పుడే బాగా వస్తుంది.

మా అమ్మమ్మ నా నెత్తికెత్తిన కథ ఇది. ఇంతసేపూ మోశాను. ఇదిగో, మీ ముందు పెట్టేశాను, ఎత్తుకునేవాళ్ళు ఎత్తుకోండి.

గైరమ్మా, దించుకున్నానే!